లీహైలో పుట్టిన ఆనర్ సొసైటీ: టౌ బీటా పై తొలి శాఖ, దాని పని

సభాధ్యక్షులకు, ప్రిన్సిపల్ గారికి, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఇంజనీర్ల దినోత్సవం నాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితం గురించి చెప్పుకోవడం మన ఆనవాయితీ. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తిన తర్వాత ఆ నగరానికి వరద రక్షణ పథకాన్ని రూపొందించిన ఆ మహనీయుణ్ణి స్మరించుకుని, ఈరోజు మరో అంశం మీద మాట్లాడతాను. అమెరికా విశ్వవిద్యాలయాల ఇంజనీరింగ్ విభాగాల్లో ఆనర్ సొసైటీలనే సంఘాలు ఉన్నాయి. బాగా చదివే విద్యార్థులను గుర్తించి సభ్యులుగా చేర్చుకుంటాయి కాబట్టి వాటిని ప్రతిభా సంఘాలని మనం అనుకోవచ్చు. ఇక్కడి నుంచి ఎంఎస్‌కు వెళ్లే పిల్లలకు ఒకటి రెండు సెమిస్టర్లు గడిచేసరికి ఇలాంటి సంఘం నుంచి ఆహ్వానం రావడం, అది నిజమైనదో కాదో, రుసుము కట్టవచ్చో లేదోనని వాళ్లు ఇంటికి ఫోన్ చేసి అడగడం మామూలే. ఆ సందేహం తీర్చడం ఈ ప్రసంగానికి ఒక కారణం. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. క్లాసులో ముందు వరుసలో నిలిచిన విద్యార్థిని ఒక విద్యాసంస్థ ఎలా గౌరవించాలి, ఆ గౌరవానికి బదులుగా అతని నుంచి ఏమి ఆశించాలి అన్న ప్రశ్నకు ఈ సంఘాల చరిత్రలో మనకు పనికొచ్చే జవాబు ఉందని నా నమ్మకం.

వీటిలో అన్ని ఇంజనీరింగ్ శాఖలకూ చెందిన పాత సంఘం టౌ బీటా పై. అది పెన్సిల్వేనియా రాష్ట్రం బెత్లెహేమ్ పట్టణంలోని లీహై విశ్వవిద్యాలయంలో 1885 జూన్ 15న పుట్టింది. అక్కడే ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆ ఊరిని కొంచెం చూడాలి. లీహై నది ఒడ్డున ఇనుప కర్మాగారం, బొగ్గును మోసుకుపోయే రైలుమార్గం, ఆ వెనక కొండవాలు మీద విశ్వవిద్యాలయం. ఆ రైలుమార్గాన్ని నిర్మించిన ఏసా ప్యాకర్ అనే వ్యాపారవేత్తే 1865లో విశ్వవిద్యాలయాన్నీ స్థాపించాడు. ఆయన ఇచ్చిన నిధి బలంతో 1871 నుంచి 1891 వరకు ఇరవై సంవత్సరాలపాటు అక్కడ విద్యార్థుల దగ్గర బోధనా రుసుము తీసుకోలేదు. గనులు, లోహాలు, వంతెనలు, రైళ్లు చదువుకోవాలనుకున్న మధ్యతరగతి కుర్రవాళ్లు అక్కడికి చేరారంటే అందులో ఆశ్చర్యం లేదు.

అయితే ఆ రోజుల్లో అమెరికాలో ఇంజనీరింగ్‌ను ఉన్నత విద్యగా అందరూ ఒప్పుకోలేదు. లాటిన్, గ్రీకు, తత్వశాస్త్రం, సాహిత్యం చదివినవాడే విద్వాంసుడు. ఆవిరి యంత్రం గురించి చదివినవాడు పనివాడు. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో మొదలైన ఫై బీటా కప్పా అప్పటికే వంద సంవత్సరాల ప్రతిష్ఠ గల సంఘం. కానీ అది సాహిత్య, శాస్త్ర విద్యార్థుల కోసం ఏర్పడిన సంఘం. ఇంజనీరింగ్ విద్యార్థి ఎంత గొప్పగా చదివినా దానిలో చేరే దారి లేదు.

ఈ లోటును చూసి ఊరుకోలేకపోయిన వ్యక్తి ఎడ్వర్డ్ హిగిన్సన్ విలియమ్స్ జూనియర్. లీహైలో గనుల ఇంజనీరింగ్, భూగర్భశాస్త్రం బోధించే ఆచార్యుడు. ఆయన ముందు యేల్‌లో డిగ్రీ తీసుకుని, ఆ తర్వాత లీహైలో సాంకేతిక విద్య అభ్యసించాడు. అందువల్ల రెండు రకాల చదువులనూ లోపలి నుంచి చూసినవాడు. ఇంజనీరింగ్ విద్యార్థి మేధాశక్తిలో ఎవరికీ తీసిపోడని స్వయంగా తెలిసినవాడు. 1885 వసంతకాలంలో ఆయన ఒక్కడే కూర్చుని కొత్త సంఘానికి పేరు పెట్టాడు, చిహ్నం గీశాడు, యోగ్యతాపత్రం నమూనా తయారుచేశాడు, నియమావళి రాశాడు, అర్హతలు నిర్ణయించాడు. ఇవన్నీ పూర్తయ్యాక చూస్తే ఆ సంఘంలో ఒక్క విద్యార్థి సభ్యుడు కూడా లేడు. అప్పుడు ఆ సంవత్సరం చివరి తరగతిలో ప్రథముడిగా నిలిచిన ఇర్వింగ్ ఆండ్రూ హైక్స్‌ను పిలిచి చేరమని అడిగాడు. హైక్స్ ఒప్పుకున్నాడు.

ఒక్క విద్యార్థితో సంఘం నిలవడం సందేహమే. ఆ ఏడు చదువు ముగించుకున్న హైక్స్ రసాయనశాస్త్రంలో పై చదువు కోసం శరదృతువులో లీహైకే తిరిగి వచ్చాడు. తర్వాతి తరగతి, అంటే 1886 తరగతి విద్యార్థులను సభ్యులుగా చేర్చుకునే తంతును తానే జరిపించాడు. అంతకుముందు చదివి వెళ్లిన వాళ్లలో అర్హులైన పూర్వ విద్యార్థులను కూడా విలియమ్స్ ఆహ్వానించాడు; వాళ్లలో కొందరు తొలి చేర్పుల్లో సాయపడటానికి బెత్లెహేమ్‌కు వచ్చారు. ఈ వివరం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఒక ఆచార్యుడు కాగితం మీద రాసుకున్న నియమావళిని బతికించినది, పట్టా చేతికొచ్చాక కూడా కింది తరగతి వాళ్ల కోసం నిలబడిన ఒక విద్యార్థి. గౌరవం అందుకున్న మొదటి మనిషే మొదటి కార్యకర్త కూడా అయ్యాడు.

తర్వాత ఏడు సంవత్సరాలు లీహై శాఖ ఒంటరిగానే సాగింది. 1892లో మిచిగన్ వ్యవసాయ కళాశాలలో, అంటే నేటి మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, రెండో శాఖ ఏర్పడింది. 1893లో ఇండియానాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మూడోది వచ్చింది. ఈ రెండూ 1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం ద్వారా ప్రభుత్వ భూముల ఆదాయం అందుకున్న కళాశాలలే కావడం గమనించదగ్గది. రైతుల పిల్లలకూ చేతిపనివాళ్ల పిల్లలకూ ఉన్నత విద్య అందాలన్న ఆ చట్టం ఉద్దేశం, ఇంజనీరింగ్ విద్యార్థికి విద్వాంసుడితో సమానమైన గౌరవం దక్కాలన్న విలియమ్స్ ఉద్దేశం ఇక్కడ కలిశాయి. రాష్ట్రం పేరు, ఆ రాష్ట్రంలో ఏర్పడిన వరుసను తెలిపే గ్రీకు అక్షరం కలిపి శాఖలకు పేర్లు పెట్టే పద్ధతి ఉంది కాబట్టి లీహై శాఖను పెన్సిల్వేనియా ఆల్ఫా అంటారు. నేడు అమెరికాలో 250కి పైగా శాఖలు ఉన్నాయి. కేంద్ర కార్యాలయం టెనసీ విశ్వవిద్యాలయం ఉన్న నాక్స్‌విల్‌లో ఉంది. అక్కడి ఆచార్యుడు ఆర్. సి. మాథ్యూస్ కార్యదర్శిగా నాలుగు దశాబ్దాలపాటు సేవ చేయడం వల్లే అది అక్కడ స్థిరపడింది. 1904లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో పుట్టిన సిగ్మా టౌ అనే మరో ఇంజనీరింగ్ సంఘం 1974లో దీనిలో విలీనమైంది.

ఒక్కొక్క ఇంజనీరింగ్ సబ్జెక్టుకూ విడిగా కూడా సంఘాలు పుట్టుకొచ్చాయి. వాటిలో మన ఈసీఈ, ఈఈఈ విద్యార్థులు తెలుసుకోవలసినది ఈటా కప్పా ను. 1904 అక్టోబరు 28న ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మారిస్ కార్ అనే విద్యార్థి, మరి తొమ్మిది మంది సహాధ్యాయులు కలిసి దాన్ని ప్రారంభించారు. విద్యుత్ ఇంజనీరింగ్ చదివిన వాళ్లు ఉద్యోగాలు వెతుక్కోవడంలో ఒకరికొకరు తోడుండాలన్నది వాళ్ల తొలి ఆలోచన. విద్యాప్రతిభను గుర్తించి ప్రోత్సహించడం కొద్దికాలంలోనే దానికి తోడైంది. 2010లో అది విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐట్రిపుల్ఈలో భాగమై అమెరికా వెలుపల కూడా శాఖలు తెరవడం మొదలుపెట్టింది. సివిల్ వాళ్లకు కై ఎప్సిలాన్, మెకానికల్ వాళ్లకు పై టౌ సిగ్మా ఉన్నాయి. రెండూ ఇల్లినాయిలోనే పుట్టినవి.

ఇప్పుడు టౌ బీటా పై చిహ్నం గురించి చెప్తాను. దాన్ని బెంట్ అంటారు. లోయల మీదుగా రైలు వెళ్లడానికి కట్టే ట్రెసిల్ వంతెనల్లో, పైన అడ్డదూలాన్ని మోస్తూ వాలుగా దిగే కాళ్లు గల ఒక్కొక్క చట్రాన్ని ఇంజనీర్లు ఆ పేరుతో పిలుస్తారు. ఆ చట్రం ఆకారంలో, జేబు గడియారానికి కీ ఇచ్చే తాళంచెవిగా విలియమ్స్ దీన్ని రూపొందించాడు. రైలుమార్గం డబ్బుతో నిలిచిన విశ్వవిద్యాలయంలో గనుల ఆచార్యుడు ఇంతకంటే తగిన ఆకారాన్ని ఎంచుకోలేడు. చాలా శాఖల్లో ఒక పాత ఆచారం ఉంది. కొత్తగా ఎంపికైన విద్యార్థి చేతికి ఈ ఆకారంలో పోతపోసిన ముడి లోహపు ముక్కను ఇస్తారు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట గీత, లోహం పోసిన చోట మొండి, ఒళ్లంతా గరుకు. దాన్ని అతడు ఆకురాయితో అరగదీయాలి, ముతక ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి సన్నని దాని దాకా వరుసగా రుద్దాలి, చివర గుడ్డతో మెరుగు పెట్టాలి. మధ్యలో ఒక నెంబరు కాగితాన్ని వదిలేసి తొందరపడితే గీతలు చివరిదాకా కనిపిస్తూనే ఉంటాయి. ఫిట్టింగ్ షాపులో ఆకురాయి పట్టిన మీలో ప్రతి ఒక్కరికీ ఇది అర్థమవుతుంది. తరగతిలో ముందున్న విద్యార్థి చేతికి మొదట దక్కేది ఈ గరుకు ముక్క కావడం నాకెంతో నచ్చిన విషయం.

అర్హత సంగతి చూద్దాం. నాలుగేళ్ల కోర్సులో మూడో సంవత్సరం వాళ్లైతే తరగతిలో పై నుంచి ఎనిమిదో వంతులో, నాలుగో సంవత్సరం వాళ్లైతే ఐదో వంతులో ఉండాలి. పై చదువుల విద్యార్థులకూ ప్రవేశం ఉంది. మార్కులు పేరును పరిశీలనకు తెస్తాయి, అంతే. ఆ పైన సభ్యులు సమావేశమై ఆ విద్యార్థి ప్రవర్తనను చర్చించి ఓటు వేస్తారు. నిజాయితీ, తన సబ్జెక్టు బయట కూడా ఆసక్తి, పరిస్థితులకు తగ్గట్టు మెలిగే నేర్పు, స్వార్థం లేకుండా పదిమంది కోసం పనిచేసే గుణం అనే నాలుగింటిని చూడాలని వాళ్ల నియమావళి చెబుతుంది. ఆ నియమంలోనే ఒక జాగ్రత్త కూడా రాసుకున్నారు. ఒక విద్యార్థి కాలేజీలో సేవా కార్యక్రమాల్లో కనిపించలేదంటే, అవకాశం వచ్చినా అతడు చేయడని తేల్చేయకూడదు. ఈ వాక్యం రాసినవాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి. సాయంత్రం పూట ఏదో కొట్టులో పనిచేసి ఫీజు కట్టుకునే కుర్రవాడు, రోజూ రెండు బస్సులు మారి ఇంటికి చేరి వంటపనిలో అమ్మకు సాయపడే అమ్మాయి ఏ క్లబ్బులోనూ కనిపించరు. వాళ్లను స్వార్థపరులనుకునే పొరపాటు ఏ కాలేజీలోనైనా జరగవచ్చు.

ఈ చరిత్రలో ఒక మచ్చ ఉంది. తమను బయట నిలబెట్టారన్న బాధతో పుట్టిన సంఘం, తానూ కొందరిని దశాబ్దాలపాటు బయట నిలబెట్టింది. స్త్రీలకు సభ్యత్వం లేదు. అర్హత గల విద్యార్థినులు కనిపిస్తుంటే ఏం చేయాలో తేల్చుకోలేక 1930లలో వాళ్ల కోసం విడిగా ఒక చిహ్నాన్ని ఏర్పాటు చేశారు. అంటే గుర్తింపు ఉంటుంది, ఓటు ఉండదు. పతకం ఉంటుంది, పీట ఉండదు. పూర్తి సభ్యత్వం 1969లో గాని రాలేదు. లీహై విశ్వవిద్యాలయం డిగ్రీ తరగతుల్లోకి అమ్మాయిలను చేర్చుకున్నదే 1971లో.

ఈఈఈ వాళ్లు పవర్ సిస్టమ్స్‌లో సిమెట్రికల్ కాంపొనెంట్స్ చదువుతారు. మూడు ఫేజుల రాశులను ఆల్ఫా, బీటా అక్షాల మీదికి మార్చే క్లార్క్ ట్రాన్స్‌ఫర్మేషన్ చదువుతారు. ఆ క్లార్క్ ఒక స్త్రీ అని మీలో ఎందరికి తెలుసు? ఎడిత్ క్లార్క్ 1919లో ఎంఐటీ నుంచి విద్యుత్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా అందుకున్న తొలి మహిళ. జనరల్ ఎలక్ట్రిక్‌లో పొడవైన విద్యుత్ లైన్ల లెక్కలను సులువు చేసే గ్రాఫికల్ కాలిక్యులేటర్‌ను కనిపెట్టింది. 1947లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా చేరింది. టౌ బీటా పై గుర్తించిన అరుదైన మహిళల్లో ఆమె ఒకరు. అంతటి ఇంజనీరు కూడా నియమానికి మినహాయింపుగానే కనిపించిందంటే, ఆ నియమం ఎంత తప్పో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన తెలుగువాళ్లు ఒకరిని తలుచుకోవాలి. అయ్యలసోమయాజుల లలిత గారు మద్రాసులోని తెలుగు కుటుంబంలో పుట్టి, పద్దెనిమిదేళ్లకే నెలల పసిపాపతో వితంతువై, తండ్రి పప్పు సుబ్బారావు గారు ఆచార్యుడిగా ఉన్న గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1940లో చేరి, విద్యుత్ ఇంజనీరింగ్‌లో పట్టా పొందిన తొలి భారతీయ మహిళల్లో ఒకరయ్యారు. పట్టా కాగితం మీద పురుషుడికి అచ్చువేసిన సర్వనామాన్ని ఆమె కోసం చేతితో దిద్దవలసి వచ్చింది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడు ఆమె భారతదేశం నుంచి హాజరయ్యారు. బెత్లెహేమ్‌లో పుట్టిన ఈ సంఘంలో ఆ సంవత్సరం నాటికి ఒక్క మహిళకు కూడా ఓటు లేదు. ఎంత మంచి ఉద్దేశంతో మొదలైన సంఘమైనా, లోపల ఉన్నవాళ్లు తలుపు వైపు చూస్తూ ఉండకపోతే ఇలాగే అవుతుంది.

సంఘం చేసే పనుల విషయానికి వస్తాను. ఒక శాఖ అంటే ప్రతి సంవత్సరం మారిపోయే విద్యార్థి కార్యవర్గం, ఒకరిద్దరు సలహాదారులైన అధ్యాపకులు, ఒక చిన్న గది. కొత్త సభ్యులను చేర్చుకోవడం, లెక్కలు రాయడం, కేంద్ర కార్యాలయానికి నివేదిక పంపడం, వార్షిక సమావేశానికి ప్రతినిధిని పంపడం ఎవరికైనా తప్పవు. సంఘం 1929 నుంచి పై చదువులకు ఫెలోషిప్పులు ఇస్తోంది. కంపెనీల వాళ్లతో ముఖాముఖి ఏర్పాటు చేసే శాఖలున్నాయి. బడిపిల్లలకు లెక్కలు, సైన్సు చేతులతో చేసి నేర్పే మైండ్‌సెట్ అనే కార్యక్రమం ఉంది. నలుగురితో కలిసి పనిచేయడం, సభలో మాట్లాడటం వంటివి పూర్వ విద్యార్థులు వచ్చి నేర్పే ఇంజనీరింగ్ ఫ్యూచర్స్ అనే తరగతులూ ఉన్నాయి.

కానీ వీటన్నిటిలోకీ నేను ఎక్కువ విలువ ఇచ్చేది పాఠాలు చెప్పుకోవడానికి. చాలా శాఖల్లో వారంలో కొన్ని గంటలపాటు సభ్యులు ఒక గదిలో కూర్చుంటారు. ఎవరైనా వచ్చి సందేహం అడగవచ్చు, రుసుము ఉండదు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1915లో ఏర్పడిన ఈటా కప్పా ను మ్యూ శాఖ ఈ పనికి పేరు పొందింది. పాత ప్రశ్నపత్రాలను సేకరించి అందరికీ అందుబాటులో ఉంచడం, ఏ కోర్సు ఎలా ఉందో విద్యార్థుల అభిప్రాయాలు సేకరించడం కూడా ఆ శాఖ చేస్తుంది. పాత ప్రశ్నపత్రం సీనియర్ స్నేహితులున్న వాడికే దొరికే చోట, లేనివాడు వెనకబడతాడు. దాన్ని అందరికీ అందేలా పెట్టడం చిన్న పనిలా కనిపించినా, చాలా న్యాయమైన పని.

ఆ గదిలో పాఠం ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చెప్తాను. రెండో సంవత్సరం విద్యార్థి ఒక దూలం లెక్క తెస్తాడు. 6 మీటర్ల దూలం, రెండు చివర్లా ఆధారాలు, ఎడమ చివర నుంచి 2 మీటర్ల దగ్గర 12 కిలోన్యూటన్ల బరువు. దూలాన్ని అడ్డంగా కోసే బలం ఏ చోట ఎంతో చూపే షియర్ ఫోర్స్ డయాగ్రమ్ గీయమన్నారు, తనకు రావడం లేదు. సీనియర్ పెన్ను అందుకుని గీసి ఇస్తే ఆ కుర్రవాడు దాన్ని కాపీ చేసుకుని వెళ్తాడు, పరీక్షలో మళ్లీ తప్పుతాడు. నేర్పు తెలిసిన సీనియర్ ముందుగా ఆధారాల దగ్గర ప్రతిచర్యలు, అంటే ఒక్కో ఆధారం పైకి నెట్టే బలం, ఎంతెంత అని అడుగుతాడు. బరువు ఎడమ ఆధారానికి దగ్గరగా ఉంది కాబట్టి ఎక్కువ భారం ఏది మోస్తుందో లెక్క వేయకముందే చెప్పమంటాడు. ఎడమది 8, కుడిది 4 అని కుర్రవాడే తేలుస్తాడు. బరువు దాటాక 8లోంచి 12 తీసేస్తే ఏమవుతుందని అడిగితే, రేఖ సున్నాను దాటి కిందికి, మైనస్ 4కి ఎందుకు దిగాలో అతడికే తోస్తుంది. దూలాన్ని వంచే ప్రభావం, అంటే బెండింగ్ మూమెంట్, బరువు కిందనే గరిష్ఠంగా 16 కిలోన్యూటన్ మీటర్లు అవుతుందని ఆ తర్వాత ఎవరూ చెప్పనవసరం లేదు. పదిహేను నిమిషాల పని. ఇందులో నేర్చుకున్నది ఒక్క జూనియరే కాదు. తనకు బాగా తెలుసనుకున్న విషయాన్ని ఎదుటివాడికి తెలిసేలా అడగడం సీనియర్‌కు కూడా కొత్తే.

అన్ని శాఖలూ ఇలా ఉంటాయనుకోకూడదు. సభ్యత్వం తీసుకుని, రెజ్యూమేలో ఒక వాక్యం చేర్చుకుని మళ్లీ ఆ గది ముఖం చూడని సభ్యులు ఎక్కడైనా ఉంటారు. ఏడాదికి రెండుసార్లు చేర్పుల తంతు జరిపి నిద్రపోయే శాఖలూ ఉండవచ్చు. కాబట్టి మీకు ఆహ్వానం వచ్చినప్పుడు చూడవలసినవి ఇవి. ఆ సంఘానికి మీ విశ్వవిద్యాలయంలో శాఖ ఉందా, దానికి మీ విభాగపు అధ్యాపకుడు ఎవరైనా సలహాదారుగా ఉన్నారా, తరగతిలో మీ స్థానాన్ని బట్టి పిలిచారా, లేక రుసుము కట్టిన ప్రతివాళ్లనూ చేర్చుకుంటున్నారా అని విభాగం కార్యాలయంలోనే అడగండి. నిజమైన సంఘమైతే వాళ్లకు తెలిసే ఉంటుంది. చేరాలనుకుంటే, చేరకముందే ఒకసారి ఆ గదికి వెళ్లి సాయంత్రం పూట అక్కడ ఎవరైనా కూర్చుని చెబుతున్నారో లేదో చూడండి.

మన దగ్గర ఫలితాలు వచ్చిన మర్నాడే ర్యాంకర్ల ఫొటోలతో కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీలు కడతారు. తల్లిదండ్రులు సంతోషిస్తారు, అందులో తప్పులేదు. కానీ ఆ ర్యాంకర్ అదే బ్లాకులో ఇంజనీరింగ్ మెకానిక్స్ బ్యాక్‌లాగ్‌తో సతమతమవుతున్న జూనియర్‌ను ఒక్కసారైనా కలిసే ఏర్పాటు మనం చేయలేదు. ఇంగ్లీషు మీడియం పాఠాలకు అలవాటు పడలేక, క్లాసులో చేయెత్తి అడగడానికి బెదిరే పిల్లలు మొదటి సంవత్సరంలో ఎంతమంది ఉంటారో అధ్యాపకులందరికీ తెలుసు. లెక్చరర్ గారిని అడగలేనిది ఆ పిల్లవాడు తెలుగులో, "అన్నా, ఈ స్టెప్ ఎలా వచ్చింది?" అని సీనియర్‌ను అడగగలడు, ఆ అమ్మాయి "అక్కా" అని పిలిచి అడగగలదు.

అందువల్ల ప్రిన్సిపల్ గారికి ఈ వేదిక మీద నుంచే ఒక విన్నపం చేస్తున్నాను. గ్రీకు అక్షరాల సంఘం మనకు అక్కర్లేదు. ప్రతి విభాగంలో మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరం విద్యార్థుల్లో ముందున్న వాళ్ల జాబితా పరీక్షల విభాగంలో ఉంటుంది. వాళ్లను పిలిచి, ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్ల పేర్లు రాసుకుని, లైబ్రరీ పక్కన ఖాళీగా ఉన్న రీడింగ్ రూములో మిడ్ పరీక్షలకు ముందు మూడు వారాలపాటు, సాయంత్రం కాలేజీ బస్సులు కదిలే లోపు ఒక గంట కూర్చోబెట్టండి. హాస్టల్ పిల్లలకు రాత్రి భోజనం తర్వాత ఇంకో గంట పెట్టవచ్చు. ఒక వైట్ బోర్డు, గత ఐదు సంవత్సరాల ప్రశ్నపత్రాల ఫైలు చాలు. ఆ జాబితాలో అమ్మాయిల పేర్లు ఎన్ని ఉన్నాయో, సాయంత్రం ఉండే వీలు లేక తప్పుకుంటున్న వాళ్లు ఎవరో మొదటి రోజే చూసుకుని, వాళ్లకు మధ్యాహ్నం విరామంలో సమయం కేటాయించాలి. పేర్లు ఇవ్వదలచిన మూడో, నాలుగో సంవత్సరం విద్యార్థులు సభ ముగిశాక లైబ్రేరియన్ గారిని కలవవచ్చు. రిజిస్టరు ఆయన దగ్గర సిద్ధంగా ఉంది.